టీకా జ్వరం చూసి రెండో డోసు మానకండి!

బుధవారం, శనివారం వచ్చిందంటే మైలార్‌దేవ్‌పల్లి, కాటేదాన్ బస్తీల్లో చంటిబిడ్డల తల్లులకు టీకాల హడావుడే. ఆరు వారాల బిడ్డకు పెంటావాలెంట్ వేయిస్తాం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ - ఐదింటికీ ఒకటే సూది. ఆ రాత్రి బిడ్డ ఒళ్ళు వెచ్చబడుతుంది. "ఇక చాల్లేవే, రెండోది వద్దు" అంటుంది ఇంట్లో పెద్దావిడ. పదో వారం, పద్నాలుగో వారం సూదులు అలా ఆగిపోతాయి. అసలు ఆ జ్వరం ఎందుకొస్తుందో తెలుసుకుంటే ఇంత భయం ఉండదు.

మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాలుంటాయి. అవి హద్దు మీరి సొంత ఒంటి మీదే పడకుండా ఆపేవి మరికొన్ని ఉంటాయి. వీటిని రెగ్యులేటరీ టీ కణాలంటారు. పిల్లలు కొట్టుకోకుండా గదమాయించే నాయనమ్మ లాంటివన్నమాట! జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో వీటిని గుర్తించారు. ఆయనతో పాటు మరో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి నాయనమ్మ అడ్డుపడుతుంటే టీకా ఎలా పనిచేస్తుంది? పెంటావాలెంట్‌లో చంపేసిన కోరింత దగ్గు క్రిములుంటాయి. వాటిని పసిగట్టగానే మన కాపలా కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు వదులుతాయి. ఈ రసాయనం అందితే పోరాడే కణాలు నాయనమ్మ మాట లెక్కచేయవని 2003లో అమెరికాలో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో తేలింది. ఆ సడలింపులోనే అవి రోగాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. పని అయ్యాక మళ్ళీ నాయనమ్మదే పెత్తనం. ఒళ్ళు వెచ్చబెట్టేవీ ఈ రసాయనాలే. అలాగని జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదనుకోకండి.

ఒక్కసారి చెబితే పాఠం వంటబట్టదు. అందుకే మూడు డోసులూ కావాలి.

జ్వరం వస్తే ఏం చేయాలి? తల్లిపాలు మానకండి. నర్సమ్మ చెప్పిన కొలతలోనే పారాసెటమాల్ చుక్కలు వేయండి. సూది వేసిన చోట పసుపు, నూనె రాయొద్దు, రుద్దొద్దు. బిడ్డ మూడు గంటలకు మించి ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడివున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. తర్వాతి డోసుకు ముందు ఆ సంగతి తప్పక చెప్పండి. మామూలు జ్వరానికి మాత్రం టీకా మానక్కర్లేదు. అత్తగారికి కూడా ఈ మాట నెమ్మదిగా చెప్పి చూడండి. మనవడి మీద ప్రేమతోనే కదా ఆవిడ వద్దన్నది!