రోగిసహాయకులు – శాసనములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వృద్ధరోగులకు స్నానము చేయించి, అన్నము తినిపించి, ప్రక్క మార్చి పరుండబెట్టు వారిని నర్స్ ఎయిడ్‌లందురు. ప్రభుత్వద్రవ్యము పొందు వృద్ధశుశ్రూషాలయములలో వీరికి 1987వ సంవత్సరపు సమాఖ్య శాసనము కనీసము 75 గంటల శిక్షణమును, పరీక్షను, రాష్ట్రపు పట్టికలో నామమును విధించినది. అంతకు మించి కోరుట రాష్ట్రముల యిష్టము. కాలిఫోర్నియా తరగతిలో 60, రోగుల చెంత 100, వెరసి 160 గంటలు కోరుచున్నది.

గంటలు హెచ్చినచో బీదలు ఈ వృత్తిలోనికి రాజాలరని కొందరి వాదము. మేము దీని నంగీకరింపము. నడువలేని మనుష్యుని యెత్తి దించుట, వీపున పుండు పడకుండ కాపాడుట రెండు వారములలో అలవడు విద్యలా? బీదలకు అడ్డువచ్చునది గంటలు కాదు, రుసుము. శుశ్రూషాలయము తన కొలువులో చేరినవారి యొద్ద శిక్షణమునకై సొమ్ము గొనరాదని ఆ శాసనమే కట్టడి చేసినది. ఇది మెచ్చదగినది.

మాకు తోచు లోపము వేరు. ఏండ్ల తరబడి రోగుల ప్రక్కన నిలిచిన సహాయకురాలు నర్సు విద్యకు పోదలచినచో, చాలచోట్ల ఆ యనుభవము లెక్కకు రాదు. మొదటి మెట్టునుండియే ఎక్కవలెను. పైగా వరుసగా 24 నెలలు జీతమునకు ఆ పని చేయనిచో మరల శిక్షణమో పరీక్షయో తప్పదు. బిడ్డను గని యింట నిలిచిన తల్లి గతి యేమి?

మన దేశమున ఏ.ఎన్.ఎం. తరగతి రెండేండ్లది. అది ముగించి పట్టికలో చేరినవారు మూడేండ్ల జనరల్ నర్సింగునకును, పిమ్మట డిగ్రీకిని పోవచ్చును. కాలము కలిసిరాదు గాని ద్వారము మూయబడలేదు. బాలికల నీ విద్యకు పంపదలచిన తలిదండ్రులు రుసుము చెల్లింపక మునుపే, ఆ పాఠశాలకు ప్రభుత్వపు గుర్తింపు కలదో లేదో విచారింతురు గాక.