పురుషుని పరీక్ష

పెండ్లియై నాలుగేండ్లు గడచినను సంతు కలుగని యింట మొట్టమొదట వైద్యుని గుమ్మమెక్కునది కోడలు. మ్రొక్కులు ఆమెవి, ఉపవాసములు ఆమెవి, స్కానింగులు, సూదిమందులు ఆమెవి. కుమారుని వీర్యమును గూడ పరీక్షింపవలయునని వైద్యుడన్నచో, "మావాని కేమి లోటు? రాయివలె నున్నాడు" అని అత్తగారు కినియును. బిడ్డలు లేని స్త్రీని నిందించుటకు మన భాషలో గొడ్రాలను మాట యున్నది. పురుషుని విషయమున లోకము మాట వెదకుకొనుటయే లేదు. సంతానము లేక వైద్యమునకు వచ్చు దంపతులలో సుమారు సగముమంది యెడ పురుషుని లోపమునకును భాగము గలదని వైద్యశాస్త్రము చెప్పుచుండగా, ఈ మౌనము అజ్ఞానము మాత్రమే కాదు, అన్యాయము.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించిన ప్రమాణము ననుసరించి, వీర్యము మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల శుక్రకణములుండుట సామాన్యముగా కనిష్ఠ పరిమితి. ఆ లెక్క తగ్గుటకు కారణము లనేకములు. వృషణముల చుట్టునున్న సిరలు ఉబ్బుట, అంటువ్యాధులు, కండలు పెంచుటకై ఎక్కించుకొను టెస్టోస్టెరాను సూదులు మొదలగునవి అందు కొన్ని. అయితే లెక్క 50 లక్షలకును దిగజారినపుడు, లేక కణములు బొత్తిగా కానరానపుడు, దోషము జన్యువులలో నుండవచ్చునను శంక బలపడును. అట్టివారికే జన్యుపరీక్ష ముఖ్యముగా విధింపబడినది. దానికి వలసినది కొలది నెత్తురు మాత్రమే.

ఈ జ్ఞానము నిన్న మొన్నటిది కాదు. 1942లో క్లైన్‌ఫెల్టరు వర్ణించిన లక్షణసముదాయమునకు, పురుషునిలో అదనముగా నొక ఎక్స్ క్రోమోజోము ఉండుటయే మూలమని 1959లో తేలినది. వై క్రోమోజోము పొడవుభుజమున కొంత భాగము లోపించినచో శుక్రకణములు పుట్టవని 1976లో ఇటలీ శాస్త్రజ్ఞులు టియెపోలో, జుఫార్డీలు సూచించిరి. మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు శుక్రకణములు లేని 340 మంది భారతీయులను పరీక్షించి, నూటికి ఎనిమిదిమందికి పైగా అట్టి లోపమున్నదని 2003లో ప్రకటించిరి. కావున ఇది పరదేశీయుల వ్యాధియని త్రోసివేయుటకు వీలులేదు.

పరీక్షించి ప్రయోజనమేమని అడుగువారు కలరు. 1992లో ప్రకటింపబడిన ఇక్సీ పద్ధతివలన ఒక్క శుక్రకణమును అండములోనికి సూదితో ప్రవేశపెట్టి గర్భము నిలుపుట సాధ్యమైనది. పూర్వము తండ్రితోనే ఆగిపోవు దోషము నేడు ఈ మార్గమున కుమారునికి చేరగలదు. వై క్రోమోజోము తండ్రినుండి కుమారునికే గదా సంక్రమించునది! వైలోని ఏజెడ్ఎఫ్‌-సీ భాగము లోపించినవానికి శుక్రకణములు దొరకవచ్చును, బిడ్డలు కలుగవచ్చును. కాని పుట్టిన కుమారులందరికిని ఆ లోపమే దాయభాగముగా వచ్చును. ఏజెడ్ఎఫ్‌-ఏ భాగము పూర్తిగా లోపించినవానికి శస్త్రచికిత్స చేసినను కణములు దొరకునను ఆశ లేదు. ఆ మాట ముందుగా తెలిసినచో నిష్ఫలమగు కోతయు, దానికై చేయు అప్పును తప్పును. పుట్టుకతోనే శుక్రవాహికలు లేనివారిలో సీఎఫ్‌టీఆర్ జన్యుదోషము తరచుగా కానవచ్చును. అట్టి సందర్భమున భార్యను గూడ పరీక్షింపనిచో బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అను దారుణవ్యాధి రావచ్చును.

మేము కోరునది దోషులను వెదకుట కాదు. జన్యులోపము పాపము కాదు; పౌరుషమునకు కొలబద్దయును కాదు. పరీక్ష చేయించుకొని కారణము తెలియనివారును పెక్కుమంది యుందురు. లెక్క కొంచెము తగ్గిన ప్రతివానికిని ఖరీదైన పరీక్షలను అంటగట్టుటయు తగదు. కాని తీవ్రలోపమున్న పురుషుని పరీక్షింపకయే ఇక్సీకి సొమ్ము కట్టించుకొనుట అంతకంటెను తగదు. జయాపజయములను, పర్యవసానములను దంపతులకు వివరింపవలయునని 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టము చికిత్సాలయములను శాసించుచున్నది. ఆ వివరణము సంతకము పెట్టించుకొను కాగితముగా మిగులరాదు. తెలుగులో, తీరికగా, దంపతులిరువురిని కూర్చుండబెట్టి చెప్పవలయును. ఫలితము మూడవ చెవిని పడరాదు. ప్రభుత్వ బోధనాసుపత్రులలో ఈ పరీక్షలు పేదవానికిని అందవలయును.

తెలిసికొన్న పిమ్మట బిడ్డను కనుటయా, దాత సాయము పొందుటయా, దత్తత తీసికొనుటయా, ఇరువురే సుఖముగా నుండుటయా యనునది ఆ దంపతుల యిచ్ఛ. తెలియనీయకుండుట మాత్రము ఎవ్వరి హక్కును కాదు. తరతరములుగా ఒక్కతెయే మోసిన నిందను దించుటకు పురుషుడు చేయవలసిన త్యాగమెంత? కొలది నెత్తురు, కొంచెము ధైర్యము.