ఆఫ్రికా సామెత అంటూ ఒకటి లేదు

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ప్రసంగం ముగించబోతూ "ఆఫ్రికాలో ఒక సామెత ఉంది" అన్నారు. వేగంగా వెళ్ళాలంటే ఒక్కడివే వెళ్ళు, దూరం వెళ్ళాలంటే నలుగురితో కలిసి వెళ్ళు అన్నది ఆ సామెతట. హాలంతా చప్పట్లు. ఇదే మాటను ఆఫీసు గోడల మీద చూశాను, ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో విన్నాను, చివరికి ఒక పెళ్ళి శుభలేఖ మీద కూడా చదివాను. ఆఫ్రికాలో ఎక్కడ? ఎవరన్నారు? ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు? ఇవి అడిగినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

ఆ ఖండంలో 54 దేశాలున్నాయి. భాషలు దాదాపు రెండు వేలు. ఒక్క నైజీరియాలోనే ఐదు వందలకు పైగా ఉన్నాయి. కైరోలో ఉల్లిపాయలమ్మే మనిషికీ, కలహారి ఎడారి అంచున పశువులు కాసే మనిషికీ కలిపి ఒకే సామెత అంటగట్టడం ఎంత మొరటుతనం! మన మాటను ఎవరైనా "ఆసియా సామెత" అంటే ఊరుకుంటామా? 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ మన సామెతలను పోగుచేసి అచ్చువేసినప్పుడు అట్ట మీద తెలుగు సామెతలనే వేశాడు. మనల్ని ఏలడానికి వచ్చిన సైనికాధికారి మనకిచ్చిన ఆ పాటి మర్యాద కూడా మనం ఆ ఖండంలోని అకాన్, యొరుబా, త్స్వానా, అనాంగ్ జనాలకు ఇవ్వడం లేదు.

పైగా ఆ వేగం, దూరం మాట ఎక్కడ పుట్టిందో వెతికినవాళ్ళకు ఏ ఆఫ్రికా భాషలోనూ దాని కచ్చితమైన మూలం దొరకలేదు. 2007 డిసెంబరులో నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ అల్ గోర్ ఓస్లోలో దాన్ని ఆఫ్రికా సామెతగా చెప్పాడు. ఆ తర్వాత దానికి అడ్డే లేకపోయింది. ఒక బిడ్డను పెంచడానికి ఊరంతా కావాలన్నది ఇంకొకటి. 1996లో హిల్లరీ క్లింటన్ తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాక అది లోకమంతా తిరిగింది. స్వాహిలీ వాళ్ళకు దాని దగ్గరి మాట నిజంగానే ఉంది: ఒంటి చెయ్యి బిడ్డను పెంచలేదు అని. అది ఎవరికీ అక్కర్లేదు. ముసలివాడు చనిపోతే ఒక గ్రంథాలయం తగలబడినట్టే అన్న మాట సంగతి ఇంకా అన్యాయం. మాలి దేశపు రచయిత అమదూ హంపాతే బా 1960లో యునెస్కో సభలో అన్న మాట అది. తన ప్రజల మౌఖిక చరిత్రను కాపాడమని ఆయన పట్టుబట్టి అడిగాడు. ఆయన పేరు తీసేసి దాన్ని కూడా ఆఫ్రికా సామెతల పెట్టెలో పడేశారు. యూరపు రచయిత ఒక మంచి మాట అంటే కింద అతని పేరుంటుంది. ఆఫ్రికా రచయిత అంటే ఖండం పేరుంటుంది. ఇది దొంగతనం కాకపోతే మరేమిటి?

"మంచి మాట ఎక్కడిదైతేనేం, నేర్చుకుంటే సరి" అంటారు. అలా అనేవాళ్ళు ఏదీ నేర్చుకోరు. సామెత అంటే వాళ్ళకు గోడకు తగిలించే కాగితం.

సామెత బతికేది తగవులో. జాన్ మెసెంజర్ అనే మానవశాస్త్రవేత్త ఆగ్నేయ నైజీరియాలోని అనాంగ్ ప్రజల న్యాయస్థానాలను పరిశీలించి 1959లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక కేసు ఉంది. అంతకుముందే దొంగగా పేరుపడ్డ మనిషి మీద మళ్ళీ దొంగతనం నేరం మోపారు. ఫిర్యాదుదారు లేచి ఒక సామెత వేశాడు: పామాయిల్ గెలలోంచి పళ్ళు లాగిన కుక్క ముళ్ళపందికి భయపడదు. ఆ గెల ఎలా ఉంటుందో పశ్చిమ గోదావరి రైతుకు చెప్పక్కర్లేదు, చెయ్యి పెడితే ముల్లే. అంత ముల్లుకు జంకనివాడు ఇంకే ముల్లుకు జంకుతాడు, అలవాటు పడ్డ దొంగ మళ్ళీ చేయకుండా ఉంటాడా అని దాని అర్థం. సభ మొత్తం ముద్దాయికి ఎదురు తిరిగింది. అతనికి సాక్షుల్లేరు, వెనక మనుషుల్లేరు. విచారణ ముగిసే ముందు అతను కూడా ఒక సామెత అన్నాడు: పొదల్లో ఒంటరిగా ఎగిరే కౌజుపిట్ట దారి మిగల్చదు. గుంపుగా పోయే పిట్టలైతే గడ్డి నలుగుతుంది, జాడ తెలుస్తుంది. తాను ఒంటరివాడు, తన తరఫున మాట్లాడే దిక్కు లేదు, అంతమాత్రాన పాత పేరు చూసి తీర్పు చెప్పవద్దు అని మొరపెట్టుకున్నాడు. నిర్దోషిగా బయటపడ్డాడు. పిట్ట పేరు చెప్పి ఒక మనిషి శిక్ష తప్పించుకున్నాడంటే అక్కడ సామెతకు ఎంత పదునుందో చూడండి. దీన్ని ఏ శిక్షణ తరగతి గోడకు తగిలిస్తారు?

అంగోలాలోని కబిండా ప్రాంతంలో వోయో స్త్రీలకు చెక్క మూతలుండేవి. ఒక్కో మూత మీద ఒక్కో సామెత బొమ్మగా చెక్కి ఉండేది. కొన్ని మూతలు పెళ్ళినాడు తల్లి ఇచ్చి పంపేది. మొగుడు అన్యాయం చేస్తే పెళ్ళాం నోరెత్తేది కాదు. అతను స్నేహితులతో భోజనానికి కూర్చున్నప్పుడు ఆ తగవుకు సరిపోయే మూత పెట్టి గిన్నె పంపేది. నలుగురి ముందు ఆ బొమ్మ చూసి అతను జవాబు చెప్పుకోవాలి. తూర్పు తీరాన జాంజిబార్, మొంబాసా ఆడవాళ్ళు కట్టుకునే కంగా గుడ్డ మీద ఒక స్వాహిలీ వాక్యం అచ్చువేసి ఉంటుంది. పొరుగింటామెకో సవతికో నోటితో అనలేని మాటను ఆ గుడ్డ కట్టుకుని వాకిట్లో నడిచి వినిపిస్తారు. యొరుబా కుర్రవాడు పెద్దల ముందు సామెత వాడాలంటే ముందుగా మన్నించమని ఒక మాట చెప్పుకోవాలి. నువ్వు ఇంకా ఎన్నో చెప్పేంతకాలం బతుకు అని పెద్దలు దీవిస్తారు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అనే మూడూ తీసేస్తే ఇక అక్కడ మిగిలేదేముంది?

ఇక ఆ సామెతలన్నీ సద్బుద్ధులే అనే భ్రమ ఒకటి. మన సామెతల్లో కులాన్ని తిట్టేవి, ఆడవాళ్ళను కించపరిచేవి ఎన్నున్నాయో మనకు తెలుసు. అక్కడా ఉన్నాయి. మినేకె స్కిప్పర్ అనే పరిశోధకురాలు 1991లో ఆడవాళ్ళ మీద ఆఫ్రికా ప్రజలు చెప్పుకునే సామెతలతో ఒక పుస్తకమే వేసింది, చదివితే ఒళ్ళు మండుతుంది. నిదానమే ప్రధానమనీ ఆలస్యం అమృతం విషమనీ ఒకే నోటితో అనే హక్కు మనకున్నట్టే వాళ్ళకూ ఉంది. ఖండమంతా కలిసి ఒకే ఆలోచన చేస్తుందనే ఊహను బెనిన్ తత్వవేత్త పౌలిన్ హూంటొంజి 1970లలోనే కడిగేశాడు. అయినా మనం ఆ ఖండాన్ని చెట్టు కింద కూర్చుని నీతులు చెప్పే ముసలి తాతను చేసి పెట్టాం.

ఆ పొగడ్తలో ప్రేమ లేదనడానికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరుతో వెలిసింది. హబ్సిగూడకు ఆ పేరు ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల వల్ల వచ్చిందంటారు. ఆ నగరంలోనే ఇవాళ టులెట్ బోర్డు చూసి నైజీరియా విద్యార్థి తలుపు తడితే ఇల్లు ఖాళీ లేదంటారు. సామెతకు ఇచ్చిన గోడ మనిషికి ఇవ్వరు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం ఆగదు.

ఆఫ్రికా ప్రజలు తమ సామెతలను ఎంత శ్రద్ధగా దాచుకున్నారో చూడండి. దక్షిణాఫ్రికాలో నల్లవారిని సొంత నేలకు పరాయివాళ్ళను చేసిన 1913 భూమి చట్టానికి వ్యతిరేకంగా వాదించడానికి సోల్ ప్లాట్యె అనే త్స్వానా రచయిత లండన్ వెళ్ళాడు. ఆ పోరాటం మధ్యలోనే, 1916లో, 732 త్స్వానా సామెతలను పుస్తకంగా తెచ్చాడు. భూమి పోతున్నవాడు భాష కూడా పోకూడదని చేసిన పని అది. ఒయెకన్ ఒవొమొయేలా 2005లో ఐదు వేలకు పైగా యొరుబా సామెతలు వేశాడు. అకాన్ వాళ్ళ త్వి భాషలో 3,600 సామెతలు 1879లోనే అచ్చయ్యాయి. ఇవేవీ రహస్యాలు కావు.

మనం చేయవలసింది ఉంది. ఒక అకాన్ సంపుటం, ఒక యొరుబా సంపుటం తెలుగులోకి రావాలి. ప్రతి సామెత పక్కన అది ఏ తగవులో, ఎవరు ఎవరి మీద వాడతారో రాసి ఉండాలి. మన విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న ఆ దేశాల పిల్లలను కూర్చోబెట్టుకుని ఈ పని మొదలుపెట్టవచ్చు. తెలుగు శాఖలు పూనుకుంటాయో, ప్రచురణకర్తలు పూనుకుంటారో తేల్చుకోవాలి. అంతవరకు ఏ ప్రజలదో తెలియని మాటను వేదిక మీద చెప్పాలనిపిస్తే సొంత మాటగా, సొంత పూచీ మీద చెప్పండి. ఆఫ్రికా నెత్తిన పెట్టకండి.