క్లాక్ టవర్ దగ్గర కొంతసేపు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదక మిత్రులు కోరినప్పుడు మేము ఏ గంభీరమైన విషయాన్నీ ఎన్నుకొనలేకపోయాము. ఉర్దూ విభాగం వారు గజళ్ళతో, నజ్మ్‌లతో తమ పుటలను ఎప్పుడో నింపివేశారట. తెలుగు పుటలే ఇంకా ఖాళీగా ఉన్నవని వినికిడి. అందుచేత ఒక సాయంకాలం క్లాక్ టవర్ దగ్గర చాయ్ త్రాగుతూ మాకు తోచిన నాలుగు మాటలను తోచిన వరుసలోనే మనవి చేస్తున్నాము. నల్లగొండలోను, మహబూబ్‌నగర్‌లోను కూడా ఊరి నడుమ గడియారపు స్తంభం ఉన్నది కనుక పాఠకులు దీనిని తమ ఊరి మాటగానే భావించవచ్చును.

మేము చాయ్ త్రాగిన ఆ కొద్దిసేపటిలో మా ముందు నుండి సాగిపోయిన మోటారు సైకిళ్ళకు లెక్క లేదు. వాటిలో కొన్నింటిని నడుపుతున్న వారికి ఇంకా నూనూగు మీసమైనా రాలేదు. గేరున్న బండి నడపడానికి పద్దెనిమిదేండ్లు నిండాలని చట్టం. 2019లో చేసిన సవరణ ప్రకారం పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే అతని తండ్రికో, బండి యజమానికో మూడేండ్ల వరకు జైలు, ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా. అయినను కొడుకు చేతికి తాళపుచెవి అందించే తండ్రి చేతిలో మాకు వణుకు కనబడలేదు. పైగా గర్వం కనబడింది.

ఈ గర్వం ఎక్కడి నుండి వచ్చినదని ఆలోచించాము. మా తాతల కాలంలో ఇక్కడ చార్మినార్ బొమ్మ గల హాలీ సిక్కా చెల్లేది. వంద కల్దారు రూపాయలకు నూట పదహారు పైచిలుకు హాలీ రూపాయలు. ఆ నాణెం చెల్లిన రోజులలో మనిషి గౌరవాన్ని పొలం చూసో, మాట చూసో కొలిచేవారని పెద్దలు చెబుతారు. పెద్దలు తమ కాలాన్ని కొంచెం పెంచి చెప్పడం సహజమే. ఆ కాలంలో వెట్టిచాకిరి చేసిన వారిని అడిగితే వేరే కథ చెప్పేవారు. ఏమైనా, మా తండ్రుల తరానికి సైకిలు వచ్చింది. తరువాత 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. దాని కొరకు డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురు చూసేవారు. అంత అపురూపమైన వస్తువు కాబట్టి కాబోలు, అది నేరుగా పెండ్లి మాటలలోకి ప్రవేశించింది. పెండ్లికొడుకు చదువు ఎంతని అడగడానికి ముందే స్కూటరు సంగతి తేల్చుకొనేవారు. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. అప్పటి నుండి బండ్ల పేర్లు మారినవి గాని మాట మారలేదు. జహేజ్ అని ఉర్దూలో అన్నా, కట్నమని తెలుగులో అన్నా ఆడపిల్ల తండ్రి చేసే అప్పు ఒక్కటే. ఈ ఒక్క విషయంలో మన కళాశాల రెండు విభాగాల వారికి సంపూర్ణమైన ఐకమత్యం ఉన్నదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాము.

బస్సు గూర్చి ఒక మాట. నిజాం ప్రభుత్వం 1932లో ఇరవై ఏడు బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. మన బస్సుల నంబరులోని జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరేనని కండక్టర్లు కథగా చెబుతారు. బస్సులో కూర్చున్నవాని హోదా కనబడదు. బహుశా అందుకే బండి కొనే స్తోమత కలిగిన మరునాటి నుండి మనము బస్సు ఎక్కము. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి టికెట్టు లేని ప్రయాణం వచ్చిన తరువాత మా తరగతిలో ముందు బల్లలు ఉదయం తొమ్మిదిన్నరకే నిండడం చూశాము. బస్సులో చోటు లేదని సణిగే మగవారిని కూడా చూశాము. ఒకటి రెండుసార్లు ఆ సణిగినవారు మేమే.

బస్సు అన్నంత మాత్రాన క్షేమమని మేము అనబోము. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద, బెంగుళూరు నుండి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. నలభై అయిదు మంది మరణించారు. వారిలో చాలామంది నిద్రలో ఉన్నారు. ఆ దారిన పోతున్నప్పుడు ఇప్పటికీ మాలో ఎవరము మాట్లాడము.

ఇక ఆటల సంగతి. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన క్యాన్సరుతో కన్నుమూశారు. ఆయన మీద 2024లో మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చిన తరువాతనే మా విద్యార్థులలో చాలామందికి ఆయన పేరు తెలిసింది. కాని అజహరుద్దీన్ పేరు చెప్పనక్కరలేదు. 1984-85లో తాను ఆడిన మొదటి మూడు టెస్టులలోను మూడు శతకాలు. తొంభై తొమ్మిదవ టెస్టులోను శతకమే. నూరవ టెస్టు ఆయనకు దక్కలేదు. 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు ఆయనపై ఆజీవన నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. ఎవరు ఏమి చేశారన్న విచారణ మా పని కాదు. డబ్బు పేరు ఒకసారి ఆటతో కలిసి వినబడితే, ఆ తరువాత చూసిన ప్రతి బంతినీ అనుమానంతో చూస్తాము. మాకు మిగిలిన బాధ అది.

ఇప్పుడు ఆ డబ్బు మన జేబులోని ఫోనులోనికే వచ్చింది. ఆన్‌లైన్ పేకాటను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఐపీఎల్ రోజులలో హాస్టలులో పందెం మాట వినబడని రాత్రి ఉండదు. పందెం కట్టేవారిని మైదానంలో మేము ఎన్నడూ చూడలేదు.

మా కళాశాల కబడ్డీ జట్టులో దేవరకొండ వైపు నుండి వచ్చే ఒక విద్యార్థి ఉండేవాడు. తండ్రి బొంబాయిలో కూలి. కూతకు వెళ్ళినవాడు ఇద్దరినైనా తాకకుండా తిరిగి వచ్చేవాడు కాడు. రెండవ సంవత్సరంలో కిస్తుల మీద బండి కొన్నాడు. ఆ రోజు అతను పంచిన మిఠాయి తిన్నవారిలో మేమూ ఉన్నాము. నడిపే వేగాన్ని మెచ్చుకొన్నవారిలో కూడా ఉన్నాము. యాసంగి కోతల నాటి ఒక రాత్రి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లకు కాపుగా పేర్చిన రాళ్ళు అతనికి కనబడలేదు. హెల్మెట్ ఉన్నందున ప్రాణం దక్కింది, మోకాలు దక్కలేదు. వడ్లు ఆరబోసిన రైతును తిట్టుదామంటే ఆయనకు కల్లం లేదు. ఇరవై రెండు కిస్తులు మిగిలి ఉండగా ఫైనాన్సు వారు వచ్చి, విరిగిన బండినే తీసుకొనిపోయారు. తండ్రి మరల బొంబాయి వెళ్ళాడు. మిఠాయి తిన్న మేము చందా వేసుకొని పండ్లు తీసుకొని పోయాము. అప్పటి మా ముఖాలు గుర్తుకు వస్తే ఇప్పటికీ బాగుండదు.

అతను ఇప్పుడు పోటీలప్పుడు విజిల్ పట్టుకొని గీత దగ్గర నిలబడతాడు. మెట్లు ఎక్కడం కష్టం కనుక ఏడున్నర బస్సుకు తొందరగా బయలుదేరుతాడు. ఆట ముగియగానే అతని కంటె ముందు పరుగెత్తి, కిటికీలో నుండి దస్తీ వేసి సీటు ఆపే కుర్రవాడు ఒకడు జట్టులో ఉన్నాడు. మొన్నటి పోటీలో ఆ కుర్రవానినే అతను రెండుసార్లు అవుటని ప్రకటించాడు.