బీదరు పంపకము – నారాయణఖేడు గతి

నారాయణఖేడు తాలూకా 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీ వరకు బీదరు జిల్లాలోనిదను సంగతి నేటివారిలో ఎందఱికి జ్ఞప్తియందున్నదో చెప్పజాలము. పిమ్మట అరువది సంవత్సరములు మెదకు జిల్లాలోను, 2016 అక్టోబరు 11 మొదలు సంగారెడ్డి జిల్లాలోను ఉండుటచే, అది అనాదిగా ఇట్లే యుండెనను భ్రమ కలుగుట సహజము. ఆ ప్రాంతమున నేటికిని తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినవచ్చుటకు కారణము ఈ మఱచిన చరిత్రలోనే యున్నది.

బీదరు ఒకప్పుడు బహమనీ సుల్తానుల రాజధాని. ఆ రాజ్యము చీలిన పిదప బరీదుషాహీల పాలయి, 1619లో బిజాపురమువారి వశమై, ఆపై ఔరంగజేబుచే మొగలు సామ్రాజ్యమున ఒక సుబాగా చేరినది. 1724లో ఆసఫ్‌జా స్వతంత్రుడైన నాటినుండి నిజాము రాజ్యభాగము. ఆ రాజ్యపు ఎల్లలైనను నిలుకడగా నుండలేదు. 1766లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారికి పోయినవి. 1800లో బళ్లారితోకూడ దత్తమండలములు పోయినవి. 1853లో సైన్యపు ఖర్చుల బాకీకింద బీరారు పోయినది. 1857 తిరుగుబాటులో తోడ్పడినందుకు 1860లో రాయచూరు, ధారాశివము తిరిగి వచ్చినవి. బీరారు మాత్రము 1902లో శాశ్వతపు కౌలుకింద దక్కకయే పోయినది. యువరాజునకు ‘బీరారు రాజకుమారుడ’ను బిరుదు మాత్రము మిగిలినది! ఈ ఇచ్చిపుచ్చుకొనుటలలో ప్రజల నడిగిన వారెవ్వరు?

ప్రజాప్రభుత్వము వచ్చిన పిదప అడుగుట జరిగినది. ఫజల్ అలీ గారి అధ్యక్షతను 1953 డిసెంబరులో నియమింపబడిన రాష్ట్ర పునర్విభజన సంఘము 1955 సెప్టెంబరులో నివేదిక నిచ్చినది. తెలంగాణా జిల్లాలతో బీదరు జిల్లానుకూడ చేర్చి హైదరాబాదు రాష్ట్రముగా నుంచవలెనని ఆ సంఘము సలహా యిచ్చినది. ఆ సలహా నెరవేరినచో బీదరు ముక్కలు కాకుండెడిది. కాని 1956 నాటి శాసనము మఱొక దారి పట్టినది. నారాయణఖేడు తాలూకా, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. ఉద్గీరు, నీలంగా, అహమ్మదుపూరు తాలూకాలు బొంబాయికి పోయినవి. తక్కినది మైసూరున చేరినది.

ఇచ్చట నొక విషయము గమనింపదగినది. ఆనాడు కత్తిరించినవారు తాలూకానో గిర్దావరు సర్కిలునో కొలమానముగా గ్రహించిరి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల నడుమ పాటస్కరు గారు తీర్పు చెప్పినప్పుడు గ్రామమే కొలమానమైనది. మంజీరా పరిసరముల పల్లెలకు ఆ భాగ్యము కలుగలేదు. గ్రామము నడిగినను ఇచ్చటి చిక్కు పూర్తిగా తీరెడిదని మేము వాదింపము. ఒకే యింట రెండు భాషలు పలుకు చోట గీత యెచ్చట గీతురు?

అసలు బాధ గీత వలన కాక, దానివెంట వచ్చిన హక్కుల వలన కలుగుచున్నది. పాత బీదరు జిల్లా మూడు ముక్కలకును నేడు రాజ్యాంగమున మూడు వేర్వేరు నిబంధనలు వర్తించుచున్నవి. ఉద్గీరు వైపునకు 371వ అధికరణము రెండవ ఖండము. నారాయణఖేడునకు 1973లో సవరణచే వచ్చిన 371-డి. బీదరునకు 2012 నాటి సవరణచే వచ్చిన 371-జె. మూడును వెనుకబాటు తీర్చుటకే ఏర్పడినవి. కాని బీదరున స్థానికతకు జన్మము, నివాసము ఆధారములు. మనవైపున ముఖ్యముగా చదివిన చోటు ఆధారము. నారాయణఖేడున పుట్టి, మాతృభాష కన్నడమగుటచే సరిహద్దు దాటి చదివిన బాలుని గతి యేమి? చదివినచోట జన్మము అడ్డు. పుట్టినచోట చదువు అడ్డు. తాతలనాడు ఒకే కలెక్టరు క్రింద నున్న పల్లెలకు ఈ దురవస్థ కలుగుట న్యాయమా?

2008 నాటి నియోజకవర్గముల పునర్విభజనలో నారాయణఖేడు, జహీరాబాదులతోపాటు, నాందేడు జిల్లానుండి వచ్చిన జుక్కలు కూడ ఒకే లోకసభ స్థానమున చేరినవి. పాత సరిహద్దు తాలూకాలకు ఒక్క ప్రతినిధి లభించెనన్న మాట. ఆ స్థానమునుండి ఎన్నికగు సభ్యుడు హైదరాబాదు, బెంగుళూరు, ముంబాయి ప్రభుత్వములను ఒకచోట కూర్చి, సరిహద్దు గ్రామములలో మాతృభాషకొఱకు పొరుగు జిల్లాలో చదివిన కాలమును స్వస్థలమున చదివినట్లే పరిగణింపజేయుటకు పూనుకొనవలెను. ఇందుకు ఎల్లలు కదలింప నవసరము లేదు. నారాయణఖేడు, న్యాల్‌కల్, ఔరాదు ప్రాంతముల పాఠశాలలలో ఎందఱు పిల్లలు ఏ భాషలో చదువుచున్నారో మొదట లెక్క వ్రాయించిన చాలును.