ప్రమాణం ఢిల్లీలో, గీత కొల్లేటిలో

2024 జూన్ 9, ఆదివారం. మృగశిర కార్తె వచ్చినా ఉక్క తగ్గలేదు. రాత్రి ఏడుంపావుకు రాష్ట్రపతి భవన్ ముంగిట నరేంద్ర మోదీ మూడోసారి ప్రధానిగా ప్రమాణం చేస్తుంటే, నేను కైకలూరు దగ్గర ఓ లంక ఊళ్లో బాబాయి వాళ్ల అరుగు మీద కూర్చుని టీవీ చూస్తున్నాను. ప్రధానితో కలిపి 72 మంది. అంతమందిలో మా వాళ్లు కాచుక్కూర్చున్నది ఒక్క పేరు కోసం. నరసాపురం నుంచి తొలిసారి లోక్‌సభకు గెలిచిన భూపతిరాజు శ్రీనివాసవర్మ మైకు ముందుకు రాగానే పిల్లలు ఈలలేశారు. "మనోడేరా!" అన్నాడు బాబాయి. తాడేపల్లిగూడెం, తణుకు, ఉండి, భీమవరం అన్నీ ఆ నియోజకవర్గంలోవే. కొల్లేటి సరస్సు నీళ్లను సముద్రానికి మోసుకెళ్లే ఉప్పుటేరు ఆ గడ్డ అంచునే పారుతుంది.

ఆ సంబరాన్ని నేను చిన్నచూపు చూడను. అరుగు మీద నేనూ చప్పట్లు కొట్టాను. ఢిల్లీ సంతకం మా జిల్లాల్లో ఎంత త్వరగా తగులుతుందో తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో కాటా పట్టేవాళ్లని అడిగితే తెలుస్తుంది. 2023 డిసెంబరు 8న కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపింది, 2024 మే 4న మళ్లీ వదిలింది. ఆ రెండు తేదీలూ ఏ క్యాలెండరూ చూడకుండా వాళ్లకు గుర్తే. అందుకే ప్రమాణ స్వీకారం నాడు మా వాళ్లు టీవీకి అతుక్కుపోతారు. ఆ ఆశ వట్టిపోలేదు కూడా. శ్రీనివాసవర్మకు ఉక్కు, భారీ పరిశ్రమల శాఖల్లో సహాయ మంత్రి పదవి దక్కింది. ఏడు నెలలకు, 2025 జనవరిలో, విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది.

కానీ కొల్లేటి సంగతి వేరు. ఇక్కడ 'మనోడు' కేంద్రంలో కూర్చోవడం కొత్త కాదు. 1996లో ఏలూరు ఎంపీ బోళ్ల బుల్లిరామయ్య వాణిజ్య శాఖ సహాయ మంత్రి అయ్యారు. వాజ్‌పేయీ ప్రభుత్వంలో నరసాపురం నుంచి కృష్ణంరాజు ఉన్నారు. 2013లో ఏలూరు ఎంపీ కావూరి సాంబశివరావు జౌళి మంత్రిగా ప్రమాణం చేశారు. ప్రతిసారీ అరుగుల మీద ఇదే ఈల. ఈ ఏళ్లలో కొల్లేటికి జరిగింది మాత్రం మరో దారిన జరిగింది. 1999లో ప్లస్ 5 అడుగుల కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో ఆ గీతను ప్లస్ 3కు కుదించమని అసెంబ్లీ తీర్మానం చేసి పంపింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించవద్దంది. కథ అక్కడే ఆగింది.

ఎందుకు ఆగిందో చట్టంలోనే ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేనిదే ఏ రాష్ట్రమూ అభయారణ్యం హద్దు మార్చలేదు. ఆ బోర్డుకు అధ్యక్షుడు సాక్షాత్తూ ప్రధానమంత్రి. అంటే ఆ రాత్రి మేం పేరు పేరునా వెతుక్కుంటూ సహాయ మంత్రి కోసం ఎదురుచూశాం గాని, కొల్లేటి గీత ఎవరి కుర్చీ ముందుకు వెళ్లాలో ఆయన అందరికంటే ముందే ప్రమాణం చేసేశారు. ఆ మాట అరుగు మీద ఎవరమూ అనుకోలేదు. నాకూ తట్టలేదు.

ప్రమాణ పత్రంలో ఒక మాట ఉంటుంది: భయం గాని పక్షపాతం గాని, రాగం గాని ద్వేషం గాని లేకుండా ప్రజలందరికీ రాజ్యాంగం ప్రకారం న్యాయం చేస్తానని. మనం మాత్రం ఆ మాట వింటూనే, మనవాడు మన పక్షం వహిస్తాడని ఆశపడతాం. పైగా కొల్లేటిలో 'మనం' అంటే ఎవరం? బాబాయికి ప్లస్ 5 లోపల జిరాయితీ భూమి ఉంది. పేరుకు తాతల నాటి పట్టా, అనుభవించడానికి మాత్రం అడుగడుగునా అడ్డే. గీత ప్లస్ 3కు దిగితే తన చెక్క బయటపడుతుందని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. ఆయన ఎదురింటాయన దోనె మీద బతికేవాడు. కొర్రమీను, మట్టగిడస వలలో పడాలంటే గట్లు లేని నీళ్లు కావాలి ఆయనకు. టీవీ ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరి ఆశా ఒక్క సంతకంతో తీరేది కాదు.

నా మట్టుకు నేను తేల్చుకున్నాను, బాబాయికీ చెప్పాను. ప్లస్ 3కు వస్తే 308 చదరపు కిలోమీటర్లు 135కు పడిపోతాయి. సగానికి పైగా సరస్సును కాగితం మీదే ఎండబెట్టడం అది. ఆ ప్రమాణ స్వీకారం జరిగి మూడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరులో, బుడమేరు విజయవాడను ముంచి ఆ నీళ్లన్నీ కొల్లేటికే వచ్చాయి. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదుగా వరద పొర్లింది. పై నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడుతుంటే, దిగువకు ఉన్న దారి ఉప్పుటేరొక్కటే. కడుపు చిన్నదైన కొలను ఆ నీళ్లను ఎక్కడ పెట్టుకుంటుంది? లంకల ఇళ్లలోనే. గీత ఉన్నచోట ఉండాలి. దాని లోపల చిక్కుకున్న జిరాయితీ రైతుకు భూమి విలువ చేతికివ్వాలి. ఉప్పుటేరు పూడిక తీయాలి. ఈ మూడూ కలిపి అడిగితేనే బాబాయికీ ఎదురింటాయనకూ ఒకే మాట అవుతుంది. గీత జరపమని ఒక్కటే అడిగినన్నాళ్లూ ఫైలు తిరిగి వస్తూనే ఉంటుంది, పరిహారం మాట మరుగునే పడుతుంది. బాబాయి ఇంకా ఒప్పుకోలేదు. "డబ్బు ఇస్తారని రాసిస్తావా?" అన్నాడు. రాసివ్వాల్సింది నేను కాదు.

2025 మార్చి 3న ప్రధాని ఆ వన్యప్రాణి బోర్డు సమావేశాన్ని గుజరాత్‌లోని సాసన్ గిర్‌లో నడిపారు. సింహాలున్న చోటికి వెళ్లి సింహాల గురించి మాట్లాడారు. నదుల్లో డాల్ఫిన్లు 6,327 ఉన్నాయని లెక్క విడుదల చేశారు. నాకది నచ్చింది. అలాగే ఒకసారి కొల్లేటి కోసం ఆటపాకకు రమ్మని మన ఎంపీలు, మంత్రులు పార్టీల తేడా లేకుండా ఉత్తరం రాయాలి. డిసెంబరులో రావాలి. గూడబాతులు గుడ్లు పొదుగుతుంటాయి. పొద్దున్నే ఆటపాకలో పక్షుల్ని చూసి, అక్కణ్ణుంచి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దాకా గట్ల మధ్యన వెళ్లి, సాయంత్రం ఉప్పుటేరు ఒడ్డున ఆగితే చాలు. దారిలో బాబాయి అరుగు తగులుతుంది. పట్టా కాగితాలు ఆయన ఇనప్పెట్టెలో ఇప్పటికీ మడత నలగకుండా ఉన్నాయి.