రొమ్ము ఎముక వెనుక నీడ: పొలం బేరం పెట్టే ముందు

నిరుటి వేసవిలో పెదనందిపాడు వైపు నుంచి ఒక మిరప రైతు, ఇరవై రెండేళ్ల కుమారుణ్ని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. బండి మీద నుంచి పడినప్పుడు తీయించిన ఛాతీ సీటీలో రొమ్ము ఎముక వెనుక మెత్తటి కణజాలం కనిపించిందనీ, గడ్డ కావచ్చుననీ నివేదికలో ఉన్నది. ఆపరేషన్ కోసం అర ఎకరం బేరానికి పెట్టి వచ్చారాయన. ఫిల్ము ఎత్తి చూశాను. త్రికోణాకారం, లోనికి వంగిన అంచులు, పక్కనున్న రక్తనాళాలపై ఒత్తిడి లేదు. ఆ వయసులో ఉండదగిన థైమస్ గ్రంథి వలెనే ఉన్నది.

మన రక్షణ వ్యవస్థలోని టి కణాలు తర్ఫీదు పొందేది ఈ గ్రంథిలోనే. పసిబిడ్డల ఎక్స్‌రేలో ఇది ఒక్కొక్కప్పుడు తెరచాప వలె కనబడుతుంది. యౌవనం తరువాత క్రమంగా కుంచించుకుపోతుంది, ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. ఇరవైలలో సీటీలో కండ వంటి బూడిద వర్ణం, ఆపైన నల్లని కొవ్వు చారలు, నలభై దాటిన చాలామందిలో దాదాపు అంతా కొవ్వే. అయితే వయసొక్కటే కొలబద్ద కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో సగటున 59 ఏళ్ల వయసున్న 2,540 మంది సీటీలను పరిశీలించగా, సుమారు 74 శాతం మందిలో గ్రంథి పూర్తిగా కొవ్వుగా మారింది. తక్కినవారిలో ఎంతో కొంత మిగిలే ఉన్నది. పురుషులలోనూ, పొగ తాగేవారిలోనూ కొవ్వు ఎక్కువ. (పొగాకు బోర్డు కొలువున్న ఊరివాణ్ని గనుక ఈ మాట చెప్పక తప్పదు.) కాన్సర్ మందులు ముగిసిన కొన్ని నెలలకు ఈ గ్రంథి మళ్లీ ఉబ్బడం కూడా కద్దు. దానిని వ్యాధి తిరగబెట్టినట్లు భ్రమించరాదు.

ఈ పొరపాటు కొత్తది కాదు. దీర్ఘవ్యాధులతో మరణించిన పేదల శవాలలో ముడుచుకుపోయిన థైమస్‌ను చూసి, అదే సహజ పరిమాణమని గత శతాబ్దపు వైద్యులు భావించారు. ఆరోగ్యవంతులైన శిశువుల గ్రంథి వారికి పెరిగినట్లు తోచింది. ఎక్స్ కిరణాలతో కుదించారు. ఆ శిశువులలో కొందరికి తరువాత థైరాయిడ్ కాన్సర్ వచ్చినట్లు 1950 ప్రాంతంలో గుర్తించారు. పెద్దవారిలో అది నిరుపయోగమనే నమ్మకాన్ని కూడా 2023లో అమెరికాలో వెలువడిన అధ్యయనం కదిలించింది: గ్రంథిని తొలగించినవారిలో ఐదేళ్లలో మరణాలు 8.1 శాతం, తొలగించకుండా ఛాతీ శస్త్రచికిత్స జరిగినవారిలో 2.8 శాతం.

గుండ్రంగా ఒకవైపే ఉబ్బినా, పెరుగుతున్నా, కనురెప్పలు వాలుతున్నా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకండి. అవి లేనప్పుడు కత్తికి ముందు ఎంఆర్ఐ అడగండి. సహజ గ్రంథిలో కొవ్వు కలిసి ఉన్నందున కెమికల్ షిఫ్ట్ అనే పద్ధతిలో అది మసకబారుతుంది, గడ్డ సాధారణంగా మసకబారదు. మరీ చిన్న వయసులో ఈ తేడా స్పష్టంగా లేకుంటే, కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ చూడాలి.

ఆ అబ్బాయికి మూడు నెలల తరువాత ఎంఆర్ఐ తీయించాము. గ్రంథి మసకబారింది, పెరగలేదు. ఆ అర ఎకరంలో ఈ ఏడు కూడా మిరపే వేశారట.